ఉద్దేశం: రెండు వాక్యాలకు మించకుండా

సంఘానికి గుర్తింపు కావాలంటే
ఫారం నింపాలన్నారు ఆఫీసులో.
పేరు అన్నచోటే పెన్ను ఆగిపోయింది.
మాకు పేరు లేదు.
"గురువారం వస్తన్నావా?" అంటే చాలు,
వర్క్‌షాపు వెనక, పాత లేతు మిషన్ల గదిలో
ఐదున్నరకి లైటు వెలుగుతుంది.
తాళం అటెండరు పైడిరాజు జేబులో.
తీసినందుకు ఒక టీ.

నేను విజయనగరం దిగిన కొత్తలో
హాజరు పిలిస్తే వెనక బెంచీ నవ్వింది.
బిడ్డిక. అదేటి ఇంటిపేరు?
సీతంపేట అవతల అంటే
"ఓ, అనాసపళ్లు!" అన్నాడొకడు.
చెడ్డవాడేం కాదు,
వాడికి మా కొండంతా ఒక పండు.

ఆ నెల నా దగ్గర డ్రాఫ్టరు లేదు.
స్కేలుతో గీసిన గీతలు చూసి
సారు ఏమీ అనకుండా షీటు మడిచి ఇచ్చారు.
తిట్టినా బాగుండేది.
మర్నాడు కాంటీన్‌లో
మండంగి జయసేన, మూడో ఏడు మెకానికల్,
నా టిఫిను పళ్లెం పక్కన పొడుగాటి సంచీ పెట్టి
"పోగొట్టావంటే ఊరుకోను" అని వెళ్లిపోయాడు.
అదే పరిచయం. అదే సభ్యత్వం.

ఇప్పి చూస్తే స్టీలు కడ్డీ మీద
కంపాసు ముల్లుతో గీకిన పేర్లు,
ఆరిక చిన్నమ్మి, నిమ్మక దండాసి, తర్వాత జయసేన,
కింద వేలెడు ఖాళీ.

ఒక గురువారం సవర ఎండయ్య
ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకం మూసేసి
"మూడోసారీ పోయింది, నేను పోడుకి పోతాను" అన్నాడు.
ఎవరం ధైర్యం చెప్పలేదు.
ధైర్యం మా దగ్గర అంత నిల్వ ఉండదు.
పత్తిక సుమిత్ర మాత్రం, గోళ్లలో గ్రీజు తీసుకుంటూ,
"మీ ఊరికి నీళ్లెలా వస్తాయి?" అంది.
"గెడ్డ నుంచి. వెదురు గొట్టంలో."
"గొట్టం సన్నబడిన చోట?"
"జోరుగా పోతాది. మా అయ్య కావాలనే
చివర్న సన్న వెదురు ఎక్కిస్తాడు."
"మరి అదే రాయి."
వాడు రాశాడు.
నీళ్లను ముందు వాళ్లమ్మ మాటలో రాశాడు,
కింద గీత గీసి, బెర్నౌలీ.
నలభై చాలు, నలభై ఒకటి వచ్చాయి.
మిగిలిన ఆ ఒక్క మార్కుకీ
కోట జంక్షన్‌లో పునుగులు తిన్నాం.

దండాసి సంగతి వేరు.
ఫీజు డబ్బులు పడని ఏడు మధ్యలో వెళ్లిపోయాడట.
రాజాం వైపు సెల్ టవర్లు ఎక్కుతున్నాడని ఒకరు,
కాదు, చెన్నైలో సెంట్రింగ్ పని అని ఒకరు.
నెలకోసారి జయసేన ఆ పాత నంబరుకి ఫోన్ చేస్తాడు.
మోగుతుంది.
మేమంతా మాటలాపి వింటాం.
అదీ మా కార్యక్రమమే, కానీ
కార్యక్రమాలు అన్న గడిలో పట్టదు.

ఆస్తులు: ఒక డ్రాఫ్టరు, రెండు ఏప్రాన్లు,
జిరాక్సు వాడి దగ్గర అప్పు.
ఇది రాసి కొట్టేశాను.
ఉద్దేశం దగ్గర ఇంకా కూర్చునే ఉన్నాను.

అప్పుడే గుమ్మంలో
తోయక వరహాలు, మొదటి ఏడు,
లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక
ఒక చెప్పు విడిచి ఒక చెప్పుతో నిలబడింది.
చేతిలో మడిచిన డ్రాయింగు షీటు.
ఆ మడత నాకు తెలుసు.

కాగితం ఇంకేదీ చేతికందలేదు,
ఫారం తిరగేసి క్లిప్పు పెట్టాను.
డ్రాఫ్టరు బిగించి, ముప్పై డిగ్రీలకి తిప్పి,
"ఇదిగో, ఇక్కడ పట్టుకో" అన్నాను.
కడ్డీ మీద నా పేరు కింద
ఇంకా కొంచెం చోటుంది.

రేపు ఆఫీసుకెళ్లి
ఇంకో ఫారం అడగాలి.