పలక మీద తేదీలు

మా షాపు గోడకి ఒక మార్కాపురం పలక.
చెక్క ఊడితే సైకిల్ ట్యూబు చుట్టి మేకుకి తగిలించాం.
దాని మీద నాలుగు పేర్లు, నాలుగు తేదీలు.
గెలిచినోళ్లకి ఓడినోళ్లు నెల రోజులు
అల్లం టీ తాగించాలి, పెద్ద గ్లాసు.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడొచ్చిద్ది?

ఓనరు మాల్యాద్రి దసరా అన్నాడు.
ఎందుకంటే "పోయినసారీ దసరాకే గదా."
కాదు, అట్లతద్దికి. నాకు బాగా గుర్తు.
ఆ పూట రెండు చేతులా గోరింటాకు,
ఎంటర్ మోచేత్తో కొట్టాను.
అయినా చెప్పలేదు.
తప్పు తేదీ మీద కులాసాగా కూర్చున్నవాణ్ని
లేపడం పందెం నీతి కాదు.

హజరత్తయ్య పొగాకు వేలం కాడ గుమస్తా.
"కొనేవాడు ముందు చెక్కు చూడనట్టే పోతాడమ్మా,
రైతు విసిగి ఇంటికి మళ్లాక రేటు పెంచుతాడు.
ఇదీ అంతే. మనం అడగడం మానేసిన వారానికి వచ్చిద్ది"
అని ఒక తేదీ రాసి,
ఇక ఎవరూ నోరెత్తొద్దని మా అందరికీ ఒట్టు పెట్టాడు.
రోజూ పొద్దున్నే వచ్చి మొదట అడిగేది ఆయనే.

పాలిటెక్నిక్ చదివే చెంచురాం గ్రాఫు గీశాడు.
ఇన్నేళ్ల విడుదలల మధ్య రోజులు, సగటు,
ఇరవై రెండు రోజులు అటూ ఇటూ.
"అటూ ఇటూ పలక మీద పట్టదు, ఒకటి చెప్పు" అన్నాను.
సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు పాపం.

నేను మూఢం మొదటి రోజు రాశాను.
అది ఊహ కాదు, మొక్కు.
మూఢంలో పెళ్లిళ్లుండవు, శుభలేఖలుండవు,
ఏ ఫాంటు ఏమైపోయినా ఎవరూ ఏడవరు.

పోయినసారి అది దిగిన మర్నాడు
పొన్నలూరు వాళ్ల కార్డులో
చంద్రిక రావత్తు ఎటో జారిపోయి చందిక అయింది.
క్ష ఉండాల్సిన చోట చుక్కల గుండ్రం ఒకటి
నన్నే చూస్తా కూచుంది.
ఐదొందల కార్డులు. పసుపు బొట్లు కూడా పెట్టేశారు.
పిల్ల మేనమామ మెట్లెక్కి
"మా అమ్మాయి పేరుకి కాలిరగ్గొట్టారే" అన్నాడు,
అరవకుండా అన్నాడు, అదే బాధ.

మాలకొండ నరసింహస్వామి నయం.
శనివారం తలుపు తీస్తాడని కందుకూరంతా ఎరుగు,
మిగతా ఆరు రోజులు ఎవరూ కొండెక్కి కేకెయ్యరు.
దీనికి వారమా, తిథా.

వచ్చింది.
మంగళవారం మధ్యాహ్నం, కరెంటు లేదు,
యూపీఎస్ పిట్టలా కూస్తోంది.
చెంచురాం ఫోన్లో చూసి లేచి నిలబడ్డాడు.
మూఢానికి ఇంకా మూడు రోజులుంది.
పలక మీద ఎవరి తేదీ కాదు.
దగ్గర నాదే అన్నాను.
ఇరవై రెండు రోజుల్లోపే, నాది అన్నాడు చెంచురాం.
మీరు నోరు మూసుకోలేదు గనక పందెమే చెల్లదన్నాడు హజరత్తయ్య.
టీ ఎవరిది వాళ్లే తాగాం. మాల్యాద్రి తాగలేదు,
చిల్లర లేదన్నాడు.

కరెంటొచ్చాక నా సిస్టమ్‌లో ఎక్కించబోతే
తెర మీద ఒక్క ముక్క:
ఈ కంప్యూటరుకి అర్హత లేదు.
మాల్యాద్రి ముఖం వేలంలో నో బిడ్ పడిన చెక్కులా అయింది.
నేను మాత్రం ఎవరూ చూడకుండా
చంద్రిక అని కొట్టి చూసుకున్నాను.
రావత్తు దకారం కింద
మఠం వేసుకుని కూచునే ఉంది.

తడిగుడ్డతో పలక తుడిచారు.
పాత తేదీలు పూర్తిగా పోవు, తెల్లగా నీడలా ఉంటాయి.
"సరే, దీంట్లో తప్పులు దిద్దింది ఎప్పుడొచ్చిద్ది?"
అన్నాడు హజరత్తయ్య, ఒట్టు మర్చిపోయి.

సుద్దముక్క చేతులు మారి నా దగ్గరికొచ్చింది.
పంచాంగం చూసి
వచ్చే మూఢం రాశాను.