లాభం, రెండు, మూడు

జరం ఒళ్లంతా ఎక్కిన రాత్రి
మా కుర్మన్న కండ్లు పైకి తిరిగిపోతే
ఇంట్ల ఉన్న ఇనుమంతా వాని చేతుల పెట్టినం.
బీరువా తాళంచెవులు, కొడవలి,
ఆఖరికి తెగిన సైకిల్ చైను ముక్క.
మా అత్త మాసమ్మ పండ్ల నడుమ చెంచా దూర్చింది.
నేను బిందెడు నీళ్లు కుమ్మరించిన.
ఫిట్సు ఆగినయ్.
మేమే ఆపినం అనుకున్నం.

తెల్లారి కోయిలకొండ బస్సు దిగి
పాలమూరుల క్లాక్ టవర్ ఎనుక సందుల కూసున్నం.
మా చీటీ ముప్పై నాలుగు.
నఫీసమ్మ డాక్టర్ పిల్లగాన్ని తలకెంచి కాలిదాక చూసి,
చీరుకపోయిన పెదవి కాడ ఆగింది.
"చెంచా ఎవరు పెట్టిన్రు?"
అత్త నా దిక్కు చూసింది.
నేను గోడ మీది బరువుల పట్టీ దిక్కు చూసిన.
"నేనే," అన్నది అత్త, "పానం ఆగక."
"ఆగదు. అందరం గట్లనే జేస్తం. ఇగ పెట్టకు."
గంతే. నేను తిట్లకు తయారై వచ్చిన,
ఆ తయారంతా ఒళ్లెనే మిగిలిపోయింది.

తువ్వాలను ముద్దగ చుట్టి బల్ల మీద పెట్టింది.
"ఇదే నీ మనుమడు. పక్కకు తిప్పు.
గుండీలు ఇప్పు. నోట్లె ఏం పెట్టకు, నీళ్లు గూడ."
అత్త సిగ్గుపడుకుంట తిప్పింది.
మల్ల తిప్పింది.
మూడోసారికి తువ్వాల తల కింద
ఎవరు చెప్పకనే తన చెయ్యి పెట్టింది.

గడియారం చూడాలె, ఐదు నిమిషాలు దాటితే
నూటెనిమిదికి ఫోన్ కొట్టాలె.
అత్తకు గడియారం రాదు.
టవర్ మీద గడియారమున్న ఈ ఊరికి
అరవై ఏండ్ల సంది వచ్చిపోతున్నది,
ముల్లు చూసి పొద్దు చెప్పరాదు,
పొద్దు చూసి ముల్లు ఏడుందో చెప్తది.
నేను పత్తికి పోతే పిల్లగాడు ఆమె తాన్నే.

డాక్టర్ కలం మూత తిప్పుకుంట అడిగింది,
"అవ్వా, జొన్నలు కొలిచినవా ఎన్నడన్న?"
అత్త నవ్వింది. ఎవల్ని అడుగుతున్నవ్ బిడ్డా అన్నట్టు.
"ఐతే కొలువు, ఇప్పుడే."
బయట ముప్పై ఐదో నెంబరు పసిది గుక్కపట్టి ఏడుస్తున్నది.
అత్త కొంగు నడుముకు చెక్కి
లేని రాశి ముందట కూసున్నట్టు
ఉత్త చేతులతోని మానికె ఎత్తింది:
లాభం. రెండు. మూడు.
ఆరు. ఆరున్నొక్కటి. ఎనిమిది.
రాశి కాడ ఆ అంకె అనదు.
అంటే ఇల్లు ఏడుస్తదట.
డాక్టర్ చేతి గడియారం చూసుకుంట ఇరవై దాక విన్నది.
"నీ ఇరవై మానికెలు ఒక నిమిషం.
నూరైనా ఆగకుంటే బండిని పిలువు.
ముందే ఆగినా సరే, తీస్కరా, నేను చూస్త."

దీపావళి దాటినంక, పత్తి రెండో ఏరుడు.
ఇంటెనుక చెల్కలనే ఉన్న.
పక్కింటి పిల్ల గోడ మీదికెంచి కేకేసింది.
ఒడి ఇప్పలే. పత్తి రాలుకుంట ఉరికిన.
వాకిట్లకు రాంగనె
లోపట ఎవరో జొన్నలు కొలుస్తున్నరు.

ఆ నెల మా ఇంట్ల జొన్నలు లెవ్వు.

పద్దెనిమిది. పందొమ్మిది.
పక్కకు తిరిగి పండుకొని ఉన్నడు, తల కింద ఆమె చెయ్యి.
చెంచా గూట్లెనే ఉంది.
తాళంచెవులు మొలకే ఉన్నయ్.
ఆమె గొంతు వణకలే, గడ్డం వణుకుతున్నది.
ఇరవై నాలుగు. ఇరవై ఐదు.
ఇరవయ్యారు.
ఆడ, ఎప్పటిలెక్కనే, దాటేసే మాట కోసం ఊపిరి తీసింది.
గంతట్ల వాడే ఏడ్చిండు.

బతుకంతా ఆమె నోట రానియ్యని అంకె.

మల్ల అదే సందు. చీటీ పదకొండు.
"ఎంతసేపు?" అన్నది డాక్టర్.
అత్త చెప్పింది, రాశి అమ్మినామె చెప్పినట్టు, గట్టిగ.
డాక్టర్ దాన్ని నిమిషాల్లకు మార్చలే.
ఫైలు నిండ ఆమె ఇంగ్లీషు గొలుసురాత, నాకు రాదు.
నడుమ ఒక్క వరుస మాత్రం
కూడబలుక్కొని చదువుకున్న:
ఇరవయ్యారు మానికెలు.