గాడి

రెండు ఉక్కు పలకలు.
ఒకటి కిందికి దూరేది, ఒకటి పైన కూర్చునేది.
మధ్యలో నాలుగు వేళ్ళ పొడుగు గాడి,
గాడిలో ఒకే ఒక్క బోల్టు.
నట్టు వదులు చేసి లాగితే కాలు పెరుగుతుంది,
బిగిస్తే అక్కడే ఆగుతుంది.
అంతే.
దీన్ని కనిపెట్టినవాడెవడో గాని
ఇంటినిండా పిల్లలున్నవాడై ఉంటాడు.

ఆటోనగర్ పాత ఇనుము కాటా దగ్గర
కిలోల లెక్కన కొన్నాడు నాన్న.
ఒక లారీ రేడియేటరు, పళ్ళు విరిగిన రెండు గేర్లు,
వాటి కింద నలిగి ఈ జత.
వీటిని వేరే తూచలేదు కాటావాడు.

కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి
పొద్దున్నే విప్పి గోనెపట్టా మీద పరిచాడు.
ఎనిమిది చక్రాలు,
చక్రానికి పది చొప్పున ఎనభై గుళ్ళుండాలి.
లెక్కపెడితే డెబ్భై మూడు.
సైకిల్ షాపు మీరావలి తొమ్మిదిచ్చాడు,
రెండు ఎలాగూ దారిలో పోతాయని.

తాళంచెవి లేదు.
బూటు అంచుని కరిచిపట్టే కొక్కేలకి
తాళంచెవి లేకపోతే అది స్కేటు కాదు, రేకు.
నాన్నే ఒక ముక్క కోసి ఆకురాయితో అరగదీశాడు,
తలకాయకి చిల్లు పెట్టాడు,
చిల్లులోంచి అమ్మ లంగా బొందు.
అది ఎవరి మెడలో ఉంటే ఆ పూట వాళ్ళది.

పలక అంచున మూడు గీతలు.
నాంచారక్కది, నాది,
పూర్తిగా లోపలికి తోసేసిన చోట తమ్ముడు ఏడుకొండలుది.
గీత దాకా జరుపు, నట్టు బిగించు, పో.
తమ్ముడి గీత ప్రతి జూన్‌లోనూ అబద్ధమయ్యేది.
నాన్న పాతది చెరపకుండా
పక్కనే ఇంకోటి గీకేవాడు.

సత్యనారాయణపురంలో రైలు పట్టాలు పీకేసిన చోట
కొత్తగా రోడ్డు వేస్తే
ఆదివారాలు ముగ్గురం నడిచి అక్కడికి.
ఒకరు ఎక్కితే ఇద్దరం వెనక పరుగు.
ఉక్కు చక్రాల మోత,
మళ్ళీ రైలొచ్చిందేమోనని
మేడమీంచి ఒక ముసలామె తొంగిచూసేది.
"కాళ్ళకి బలపం కట్టుకు పుట్టారే" అని తిట్టేది అమ్మ,
కొక్కేలు కొరికిన బడిబూట్లు తిప్పి చూస్తూ.
నిజమే. మా గుమ్మం ముందు సిమెంటు మీద
తెల్లటి గీతలు, వానకీ పోయేవి కావు.

గేరుబాక్సు జారి పడిన ఏడు
నాన్న ఎడమకాలి వేళ్ళు రెండు
పెద్దాసుపత్రిలో వదిలేసి వచ్చాడు.
బీసెంట్ రోడ్డులో బూట్ల షాపు కుర్రాడు
మర్యాదగానే చెప్పాడు:
"జత విడగొట్టి ఇవ్వం సార్."
పటమటలో చెప్పులు కుట్టే యోహాను
ఎడమ బూటు ముక్కు కోసి, కుదించి, కుట్టిచ్చాడు.
కుట్టు కనబడకుండా ప్యాంటు కిందికి లాక్కునేవాడు నాన్న.

ఒక తెల్లవారుజామున చప్పుడైతే లేచి చూశాను.
పెరట్లో నీళ్ళ పీపా పట్టుకుని నిలబడి ఉన్నాడు.
కుడి స్కేటు గాడి చివరికంటా లాగి ఉంది,
ఎడమది అక్క గీత దగ్గర.
రెండు కాళ్ళూ ఒకటేనా అని
ఆ ఇనుము అడగలేదు.

పీపా వదిలాడు.
నాలుగు గజాలు. బాగా వెళ్ళాడని అనను.
పడలేదు.
నన్ను చూసి,
బేరింగులు చూస్తున్నాన్లే అన్నాడు.
ఆ సాయంత్రం స్కేట్లు మేకుకి తగిలించాడు,
మళ్ళీ ఎక్కలేదు.
ఎడమ పలక మీద మాత్రం
అక్క గీతకి అడ్డంగా చిన్న గాటు.

ఇప్పుడు నేను అదే ఆటోనగర్లో
బస్సు సీట్ల కంపెనీకి డ్రాయింగులు గీస్తాను.
గుండ్రటి చిల్లు చాలిన చోట కూడా
గాడి పెడతాను.
"పని ఎక్కువ కదమ్మా" అంటాడు మేనేజరు.
సర్దుకోవడానికి సార్.
"ఎంత?"
రెండు వేళ్ళంత.
అది కొలత కాదంటాడు.
మిల్లీమీటర్లలో రాసిస్తాను.