కరెంటు లేని మంగళవారం

రెండింటికి పోయిన కరెంటు
ఐదింటిదాకా రాదని లైన్‌మన్ చెప్పిండు.
ఒంటి చెయ్యి జాకెట్‌ను
అట్లనే సూది కింద ఇడిచిపెట్టి
షట్టర్ గుంజిన.
షాహెదా అప్పటికే ఆటోల కూసున్నది.

కొల్లాపూర్ దాటినంక ఎర్రమట్టి, మామిడితోటలు,
మల్ల ఎర్రమట్టి.
ఇగ ఒక మలుపుకాడ
ఎవరో నీలం తాను విప్పి నేల మీద ఇసిరినట్టు
కృష్ణ.

సోమశిల రేవుల ఎవలకూ తొందర లేదు.
లాంచి అవతలి ఒడ్డుకు కదలాలంటే
ఇరవై మందన్న కావాలె.
పన్నెండు మందిమి ఉన్నం.
ఒకాయన సంకల మేకపిల్లను పైకెత్తి
"దీన్ని గూడ లెక్కవెట్టు" అన్నడు.
డ్రైవరు నవ్వి
తువ్వాల మొఖం మీదికి గుంజుకున్నడు.

చేపలు ఏంచే నూకరాజుది ఇశాఖ దిక్కు.
ముప్పై ఏండ్లాయె, వల భుజానేసుకొని ఈడికొచ్చి.
"సముద్రం వాగతానే ఉంటాదమ్మా.
ఈ నీరు మాటాడదు.
మొదట్లో నిద్దరట్టీది కాదు" అనుకుంట
జిలేబి చేపను ఇంకో దిక్కు తిప్పిండు.
నేను సముద్రం చూడలే.
షాహెదా చూసిందట, చిన్నప్పుడు, బందరుల.
ఒక చెప్పు కొట్టుకపోయింది తప్ప
ఇంకేం యాదిలేదట.

ఉల్లిగడ్డ, నిమ్మచెక్క, కాయితం పళ్లెం.
ముండ్లు ఏరుకుంట ఏరుకుంట
గంట ఎటువోయిందో.

పక్కన గట్టు మీద ముసలామె
నీళ్లల్లకు వేలు చూపెట్టి
"మా ఇల్లు ఆ పుట్టి ఉన్నకాడనే" అన్నది,
వెనక గల్లీల ఇల్లు చెప్పినట్టు.
"నీళ్లు గుంజితే రోలు బయటపడ్తది.
పోయి జరసేపు దానిమీద కూసొనొస్త."

మెట్టుబండ మీద తెల్లటి గీత,
నిండిన్నాటి నీళ్లు మిగిల్చిపోయింది.
నా సంచిల టేపు ఉండె.
ఎందుకో, గీతకాడ వేలితోటి ఒత్తిపట్టి
కిందికి ఇడిచిన.
అరవై అంగుళాలు ఒడిసినయ్.
టేపు కొస గాలికి ఊగుతున్నది,
నీళ్లు ఇంకా కిందనే.
"ఎవలకే, ఇంత పొడుగు కొలత?"
షాహెదా నవ్వుకుంట చెయ్యి కడుక్కున్నది.

మేమొచ్చేటప్పటికి లాంచిల పందొమ్మిది మంది,
మేకపిల్లతోటి.
ఇంకొకరి కోసం చూస్తున్నరు.
మా దిక్కు గూడ చూసిన్రు.
ఆటో ఆయన హారన్ కొట్టిండు.

రాత్రి రెండో చెయ్యి అతికిన.
పొద్దుగాల గిరాకి వచ్చి
జాకెట్ ముక్కుకాడ పెట్టుకొని
ఇదేం వాసన, అన్నది.
కొత్త బట్ట గద, అన్న.