దాచిన పొర

గుణుపురంలో కరెంటు కుదురుకునేది
రాత్రి పదకొండు దాటాకే.
ల్యాబులో నేనూ, ఇసాక్ రైతా,
మెడ విరిగిన ఫ్యానూ.
తెర మీద అరచేతిలో ఇమిడే రాగి ముక్క.

ముందు నేల పొర గీశాను.
దాని మీద పచ్చ బోర్డు పొర.
దాని గుణం ఎంతో టైపు చేస్తూ
"చారి దశమిక చారి" అని గొణిగాను.
ఇంట్లో తెలుగే,
అంకెలు మాత్రం నాకు ఒడియాలోనే వస్తాయి,
ఎవరూ అడక్కుండానే.
ఆపైన రాగి.

ఒక్కో పొరకీ ఒక రంగు, ఒక పేరు,
పక్కన చిన్న కన్ను గుర్తు.
నొక్కితే మూసుకుంటుంది, పొర మాయం.
మళ్ళీ నొక్కితే తెరుచుకుంటుంది.

అన్నిటి చుట్టూ గాలి డబ్బా.
దాని గోడలు అలని తిప్పికొట్టకూడదు, మింగెయ్యాలి.
లోకం అక్కడితో అయిపోయిందని లెక్కకి తెలియాలి,
అలకి తెలియకూడదు.
ఆ పొరకి సరిహద్దు అని పేరు పెడితే
ఇసాక్ కిసుక్కుమన్నాడు.
"బత్తిలి దాటితే ఫోన్లో స్వాగతం మారిపోద్ది మేడమ్.
మా పిన్ని గొంతు మారదు."

వాళ్ళ ఊరు పుట్టాసింగి పైన, రెండు కొండల మడతలో.
అక్కడ ఫోను మనిషి చేతిలో ఉండదు,
పనస కొమ్మకి, ప్లాస్టిక్ సంచిలో వేలాడుతుంది.
మోగితే ఎవరు కింద ఉంటే వాళ్ళు
పరుగెత్తి పిలుచుకొస్తారు.
ఈ రాగి ముక్క ఆ కొమ్మ కోసమే.

లెక్క పూర్తయింది.
గీత పద్దెనిమిది వందల దగ్గర లోయలోకి దిగాలి.
దిగలేదు.
చాలా ముందే ఎక్కడో దిగి, తాపీగా పైకొచ్చేసింది.
రాగి కొలతలు సరిచూశాను. వల కళ్ళు ఇంకా చిన్నవి చేశాను.
తీగ తగిలే చోటు ఇటు జరిపి, అటు జరిపాను.
ఫ్లాస్కులో టీ అయిపోయింది.
నాలుగోసారి కూడా లోయ అక్కడే,
అలిగి కూర్చున్న పిల్లలా.

ఒంటిగంటకి ఇసాక్ వేలు
జాబితా అట్టడుగున ఆగింది.
"ఇదేటి మేడమ్?"

మూసిన కన్ను.
వర్షం.

ఆషాఢంలో వాడు అడిగితేనే వేశాను,
రాగి మీద గోరు మందం నీటి పొర.
చూడ్డానికి అడ్డమని కన్ను మూశాను.
చెరపలేదు. మరిచిపోయాను.
తెర మరిచింది గానీ
లెక్క నీటిని మరవలేదు.
ప్రతిసారీ తడిసిన యాంటెన్నానే లెక్కగట్టి
నిజాయితీగా జవాబిచ్చింది.
దాన్ని నేను తప్పు అన్నాను.

తీసేద్దామని మౌస్ పట్టుకున్నాను.
"ఉండనీండి" అన్నాడు.
"ఐదు నెలలు మా కొమ్మ మీద ఉండేది అదే కదా.
ఎండలో ఎలాగూ బండెక్కి మాట్లాడేసుకుంటాం.
వానలో ఎక్కలేం. జారిపోతాం.
మొన్న మా మామ జారాడు."

మామకి ఏమైందో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

కన్ను తెరిచాను.
నీలం పొర రాగి మీద పరుచుకుంది.
తడిసినప్పుడు లోయ సరైన చోట పడేలా
రాగిని అంచున కొంచెం కోశాం,
మళ్ళీ కొంచెం.
నేను కంగారులో ఎక్కువ కోసేస్తే
వాడు వెనక్కి తెచ్చాడు.

పొర పేరు మార్చొచ్చా అని అడిగి
కీబోర్డు తన వైపు లాక్కున్నాడు.
సవర మాట, ఇంగ్లీషు అక్షరాల్లో.
రెండుసార్లు పలికించాడు నాచేత,
రెండోసారి కూడా ఒప్పుకోలేదు.

ముప్పై నాలుగు శాతం.
రేకుల మీద చినుకు మొదలైంది.
ఇసాక్ లేచి కిటికీ మూయబోయి
చెయ్యి బయటపెట్టి
అలాగే నిలబడ్డాడు.