హాఫ్‌వే దాకా

షెఫీల్డ్‌లో నీలం లైను ట్రాముకి
చివరి స్టాపు పేరు హాఫ్‌వే.
"సగం దారిలో దింపేసి
ఇంతే, ఇక దిగండి అంటాం మేము"
అని నవ్వావు, మనం మొదటిసారి మాట్లాడుకున్న రోజు.
నీకప్పుడు పంతొమ్మిది. ట్రాము షెడ్డులో అప్రెంటిస్‌వి.
గోళ్ళ కింద గ్రీసు.
చక్రం చప్పుడు విని ఏ బండికి జబ్బు చేసిందో చెప్పేవాడివి.
మోకాలు నొప్పంటే మాత్రం
ఫుట్‌బాల్ దెబ్బేలే అనుకున్నాం ఇద్దరం.

మా అమ్మ నర్సు. నీ వార్డు కాదు, రెండంతస్తుల కింద.
ఇన్నేళ్ళూ నన్ను
బొడ్లో దోపుకున్న తాళంచెవిలా కాచింది.
ఎవరితో వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు,
బస్సు తప్పితే ఇంకో బస్సు లేదా,
అన్నీ అడిగే మనిషి
నీ పేరు చెప్పిన రాత్రి
పోపు మాడేదాకా గరిటె పట్టుకుని నిలబడిపోయింది.
"కీరన్ హాలమా," అంది.
మళ్ళీ పోపు పెట్టింది.
చారు ఫ్లాస్కులో పోసి మూత బిగిస్తూ
"మిరియాలు వెయ్యలేదు. నోరు పూసి ఉంటుంది" అంది.

వద్దనాల్సిన మనిషి వద్దనలేదు.
"కావాలంటే రాత్రికి అక్కడే ఉండు" అంది,
కుర్చీలో పడుకోవడానికి నా మెత్తటి దిండు కూడా సర్ది.

స్కాను బొమ్మలు నాకు చదవడం రాదు కీరన్,
అమ్మ వచ్చు.

ఆ రాత్రి కొండెక్కే బస్సులో
ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఎంత కోపమొచ్చిందో.
ఒక్క చెంపదెబ్బ బాకీ ఉంది అమ్మ నాకు.
పరువు పోయిందని ఒక్క ఏడుపు,
వారం రోజులు మాట్లాడకపోవడం,
అందరి ప్రేమలకీ దొరికే ఆ కాసిని గొడవలు
మనకెందుకు దొరకలేదు?

నీకు నేర్పిన తెలుగంతా కలిపి ఆరు మాటలు.
చారు, చాలు. ఆ రెండూ కలిపేసేవాడివి.
చాలు అనబోయి చారు అన్నప్పుడల్లా
ఇంకో గరిటె పోసేదాన్ని,
నువ్వు తిట్టుకుంటూ తాగేవాడివి.
తర్వాత, ఎల్లుండి.
రేపటి అవతలి రోజుకి ఒక్క మాట చాలని తెలిసి
మంచం మీద లేచి కూచున్నావు.
"మాకు నాలుగు మాటలు పడుతుంది అక్కడికి వెళ్ళడానికి!"
ఎల్-ఉండి, ఎల్-ఉండి అని
నర్సులకీ, కాఫీ ఇచ్చే ఆవిడకీ, సెలైన్ సీసాకీ చెప్పావు.
అందులో 'ఉండి' ఉందని నేను చెప్పలేదు.
చెబితే అడుగుతావుగా,
ఉండి?

ఏప్రిల్లో రెండు గంటలు బయటికి వదిలారు.
నీలం లైనే ఎక్కాలన్నావు.
కాలు లేని వైపు దుప్పటి దోపి,
వాంతి సంచీ నా జేబులో పెట్టుకుని ఎక్కాం.
గ్లీడ్‌లెస్ దాటేసరికి నిద్రపోయావు, నోరు తెరుచుకుని,
నా భుజం మీద.
తలకి ఇంత తక్కువ బరువుంటుందా?

హాఫ్‌వే.
అందరూ దిగారు.
డ్రైవరు డెనిస్, నీకు పని నేర్పినాయన,
ఈ కొసన తాళం తీసుకుని
ఆ కొసకి నడిచి వెళ్ళాలి.
నువ్వే చెప్పావొకసారి, బండి తిరగదు,
వెనకే ముందవుతుందని.
మన సీటు దగ్గర ఆగాడు.
దిగమనలేదు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని,
తలుపులన్నీ తెరిచుంచే
చాలాసేపు టైం టేబుల్ చదువుతూ నిలబడ్డాడు,
తనకి కంఠతా వచ్చిన టైం టేబుల్.

భుజం తిమ్మిరెక్కింది. కదల్లేదు.
ఫోన్ వెలిగింది. అమ్మ.
"ఎక్కడున్నావు హిమా?"
హాఫ్‌వే, అని రాశాను, ఒంటిచేత్తో.
"సరే" అని వచ్చింది.

ఇంత ఆలస్యమేమిటని అడగమ్మా.
ఎవడు వాడు, ఎన్నాళ్ళ నుంచి,
ఎన్నాళ్ళని అడుగు.
ఒక్కసారి కేకలెయ్యి.