దుబాసీ

కోట్ల అరలో కూచుంటాను.
ఇంట్లో చప్పుడు చొరబడని చోటు అదొక్కటే.
మొహానికి తగులుతూ మా ఆయన ఉన్ని కోటు,
పక్కన పిల్లదాని మంచు బూట్లు,
ఒళ్లో నోటు పుస్తకం.
అరోరా ఊరు నిద్దరోయాక కూడా
చెవుల్లో ఎక్కడెక్కడి ఆస్పత్రులో మోగుతుంటాయి.

"నమస్కారం, తెలుగు దుబాసీని,
నంబరు నాలుగు సున్నా ఏడు ఒకటి ఆరు."
పేరు చెప్పకూడదు.
ఇంకో రూలుంది:
రోగి "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
అందుకని ఏప్రిలంతా నాకే జ్వరం,
నాకు అరవై ఏడేళ్లు, నాకు ఏడో నెల,
నా భర్తని లోపలికి రానివ్వలేదు,
కారులో కూచుని ఉన్నాడు పొద్దుట్నించీ.

ఊపిరందకపోవడానికి మనకెన్ని మాటలో
ఈ కోట్ల మధ్యే లెక్క తెలిసింది.
గుంటూరావిడ ఆయాసం అంది.
నర్సీపట్నం పెద్దాయన ఎగపోస్తంది అన్నాడు.
ఒకామె గస, ఒకతను రొప్పు,
అనంతపురం పిల్లాడు "గాలి సాలడం ల్యా".
ఇంగ్లీషులోకి దాటేసరికి అన్నీ ఒకటే మాట,
ఆస్పత్రి గౌనులాగ,
ఎవరికైనా అదే కొలత, వీపు వైపు తెరిచి.

మొన్న రాత్రి పదకొండున్నరకి నాష్‌విల్.
బుచ్చిమల్లు, నలభై నాలుగు,
హోటల్లో తందూరు దగ్గర పని.
డాక్టరమ్మ గొంతు రెండు మాస్కుల వెనక నించి
ముసురు పట్టిన నాటి రేడియోలా:
ఆక్సిజన్ ఎనభై ఒకటి,
గొట్టం వెయ్యాల్సి రావచ్చు, ఒప్పుకుంటారా?
చెప్పాను.
ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క మింగకుండా.

దమ్ముకీ దమ్ముకీ నడుమ అన్నాడు:
"ఎంతైతది?"

నాకెంత ఖర్చవుతుంది, అని నేనడిగాను.
కాసేపు మెషీన్లే మాట్లాడుకున్నాయి.
వాటికి దుబాసీ అక్కర్లేదు.
"ఇప్పుడు దాని గురించి బెంగ వద్దని చెప్పండి."
బెంగ. దిగులు. చింత. ఏది తీసి ఇవ్వను?
"ఫికర్ చెయ్యకు," అన్నాను.
ఏళ్లయింది ఆ మాట నా నోట్లోంచి వచ్చి.
కిందటేడు పిల్లదాని చెయ్యి విరిగితే
నాలుగు కవర్లొచ్చాయి,
ఎక్స్‌రే తీసినందుకొకటి, చూసినందుకొకటి.
అది నాకు తెలుసు. తెలిసింది చెప్పడం నా పని కాదు.

"ఇన్సూరెన్స్ లేదని చెప్పక్కా.
అడ్రస్ రాసుకోవద్దను."
రాసుకోకండి, అని నేనే బతిమాలాను.

మళ్లీ దమ్ము తీసుకుని,
"నీదే ఊరు?"

అది డాక్టర్ని అడిగింది కాదు.
అయినా గదిలో ఏ మాటా మడిచి పెట్టుకోకూడదు.
"రోగి దుబాసీని ఊరడుగుతున్నారు," అని విన్నవించాను.
ఆవిడ ఆగింది. "చెప్పండి. పర్లేదు," అంది.
"కోరుట్ల."
"మాది మెట్‌పల్లే గదా!"
నవ్వాడో, దగ్గాడో.
ఆ రెండూ తర్జుమాకి రావు.
లైను తెగింది. పదిహేడు నిమిషాలు.
కాల్ నాణ్యత ఎలా ఉందంటూ
స్క్రీను మీద అయిదు ఖాళీ నక్షత్రాలు.

ఆ తర్వాత ఆ ఊరినించి కాల్సొచ్చాయి.
ఏదీ అతనిది కాదు.
మనం అడగడానికి లేదు.

ఇవాళ మే రెండు.
మా ఆయన ఉద్యోగం ముప్పయ్యో తారీఖుతో సరి,
పర్సులో కార్డు కూడా అదే రోజుతో.
నాకైతే కార్డెప్పుడూ లేదు,
నిమిషానికి ఇన్ని సెంట్లు, అంతే.
తెల్లవారుజామునించి ఛాతీ మీద
ఎవరో తడి దుప్పటి పరిచినట్టుంది.
పిల్లదానికి వినపడకూడదని
ఈ అరలోకే వచ్చి క్లినిక్కుకి చేశాను.
అలవాటుగా నాలుగు సున్నా అనబోయి
పేరు చెప్పాను. రజిత.
"ఏమిటి మీ ఇబ్బంది?"
ఇంగ్లీషు నాకు కొట్టినపిండి.
గస అని తెలుసు, దానికి వాళ్ల మాటా తెలుసు.
నోరు తెరిస్తే,
"ఎంతైతది?"

అవతల అమ్మాయి ఒక్క క్షణం ఆగింది.
చాలా మర్యాదగా,
లైన్లోనే ఉండండి, మీకు దుబాసీని కలుపుతాను,
ఏ భాషో చెప్తారా, అంది.